రెంజల్ దగ్గరి ఊళ్లో నేను చెప్పిన మాట

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. తోటి లెక్చరర్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఎండాకాలం వస్తే మాకు పాఠాలుండవు, ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్పించాలి. ఒక్కొక్కరం పదిహేను మందిని తేవాలి. తెస్తేనే ఆగిన జీతాలు ఇస్తారు. ఆ ఏడాది నాకు పద్నాలుగు మందే దొరికారు.

పదిహేనో పేరు సలోమి. రెంజల్ దగ్గర చిన్న ఊరు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక తండ్రి ఇటుక బట్టీకి పోతున్నాడు. తల్లి కరుణమ్మ నాకు కుర్చీ వేసి, తను గడపలో కూర్చుంది. సలోమికి ప్రభుత్వ కాలేజీలో అప్పటికే సీటు వచ్చిందని చెప్పింది. అది విని నేను లేచి రావాలి. లేవలేదు. మా కాలేజీ బస్సు గురించి, ల్యాబుల గురించి చెప్పుకుంటూ పోయాను.

అంతా విని కరుణమ్మ ఒకటే అడిగింది.

"సారూ, మీ బిడ్డనైతే గీ కాలేజీలనే ఏస్తరా?"

"వేస్తనమ్మా. ఒక్క రూపాయి కట్టే పని లేదు. ఫీజంత సర్కారే ఇస్తది."

సలోమి మార్కుల మెమో తెచ్చి నా చేతికిచ్చింది.

సర్కారు నుంచి మా కాలేజీకి రెండేళ్లుగా డబ్బు రావడం లేదని నాకు తెలుసు. పై తరగతుల పిల్లలు అప్పులు చేసి కడుతున్నారని తెలుసు. నా కూతురు అదే నెలలో ప్రభుత్వ కాలేజీలో చేరింది.

మరి ఎందుకన్నాను? జీతం కోసమా? ఎన్నిసార్లు తరచి చూసినా జీతం సగం జవాబే. మిగతా సగం ఏమిటి? కరుణమ్మ నన్ను నమ్ముతోందని ఆమె ముఖంలో కనిపించింది. అంత తేలిగ్గా నమ్మే మనిషి ఎదురుగా ఉంటే ఒక రకమైన హుషారు పుడుతుందని, ఆ హుషారులో ఏదైనా అనేయగలనని నాకు ఆ రోజే తెలిసింది. అలా అనేయగల మనిషి నాలో ఎప్పటినుంచి ఉన్నాడు? ఇంకా ఉన్నాడా?

మూడేళ్ల తర్వాత సలోమికి బీఎడ్‌లో సీటు వచ్చింది. మూడేళ్ల ఫీజూ కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని మా ఆఫీసువాళ్లు అన్నారు. ఆమె నన్ను వెతుక్కుంటూ వరండాలో వస్తుంటే నేను ల్యాబ్ తలుపు వెనక నిలబడ్డాను. "సార్ లేరా?" అని ఎవరినో అడిగింది. నేను కదల్లేదు. కరుణమ్మ మహిళా సంఘంలో అప్పు తీసి కట్టేసరికి సీటు పోయింది.

నిరుడు నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణానికి వెళ్తే కౌంటర్ వెనక సలోమి ఉంది. నవ్వుతూ కుర్చీ చూపించింది. సర్కారు డబ్బు ఇవ్వకపోవడం వల్లే తనకు ఇలా అయిందని, సార్‌కు మాత్రం ఏం తెలుసని, అమ్మ ఇంకా అప్పు కడుతోందని చెప్పింది. నా తరఫున తనే సంజాయిషీ ఇచ్చుకుంది. నేను తలూపి, బిల్లు కట్టి బయటికొచ్చాను.

అక్కడ అనాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను. నాకు ముందే తెలుసు, సలోమీ.