సెవేరో బొటనవేలు

పుయెర్తో మాన్సోలో సెవేరో బొటనవేలు చూపించి బయటికి గెంటని మనిషి లేడు. ఉన్నాడంటే వాడు నిన్ననే పుట్టి ఉంటాడు, వాడి వంతు ఇంకా రాలేదన్నమాట.

గెంటే పద్ధతి ఎప్పుడూ ఒక్కటే. ముందు టోపీ వెనక్కి తిప్పుతాడు. పిడికిలి బిగించి చెవిదాకా లాగుతాడు. బొటనవేలిని భుజం మీదుగా వెనక్కి విసిరి, రేవులో ఉన్న ఓడలకు వినబడేంత గట్టిగా "బయటికి!" అని అరుస్తాడు. ఎందుకు వెళ్ళాలో ఎవరికీ తెలియదు గాని, ఎదుటివాడు లేచి వెళ్ళిపోతాడు.

బేస్‌బాల్‌లో తప్పుచేసిన ఆటగాణ్ణి అంపైరు మైదానంలోంచి గెంటేది అచ్చం ఇలాగే. ఇంతా చేసి ఆయన అంపైరు కాడు. తాళాలూ గొళ్ళేలూ బాగుచేసుకునే మనిషి. ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కిందట చేపల గిడ్డంగి వాళ్ళకీ ఐసు ఫ్యాక్టరీ వాళ్ళకీ బేస్‌బాల్ పందెం జరుగుతుంటే, అసలు అంపైరుకు కడుపు చెడింది. దారిన పోతున్న సెవేరోను పట్టుకొచ్చి నిలబెట్టారు. మూడో ఇన్నింగ్స్ కాకముందే ఆయన పదకొండుమందిని గెంటేశాడు. ఒకణ్ణి నేలమీద ఉమ్మినందుకు, ఒకణ్ణి అవతలివాడి అమ్మను తలచుకున్నందుకు, ఒకణ్ణి మొహం బాగాలేనందుకు. ఆడడానికి మనుషులు మిగల్లేదు. ఆ ఆట ఇప్పటికీ పూర్తికాలేదు.

ఆ రోజు పట్టుకున్న అలవాటు మళ్ళీ వదల్లేదు. ప్రసంగం సాగదీసిన పాద్రీని చర్చిలోంచి గెంటాడు. పాద్రీ వీధి దాకా వెళ్ళాక గాని ఆ చర్చి తనదేనని గుర్తుకు రాలేదు. వానొస్తుందన్న రేడియోను కిటికీలోంచి గెంటాడు. పెళ్ళాం ముచ్చటపడి కొనుక్కున్న మట్టికుండ చేతిలోంచి జారి పగిలితే, తనను తానే గెంటుకుని మధ్యాహ్నమంతా ఎండలో అరుగు మీద కూర్చున్నాడు. "లోపలికి రావయ్యా, అన్నం చల్లారిపోతోంది" అని ఆవిడ పిలిస్తే, "తీర్పు తీర్పే" అన్నాడు.

ఇవన్నీ ఎదెల్మిరా కళ్ళారా చూసినవే. ఎదెల్మిరా ఊరి చౌకులో నలభై ఒక్క ఏళ్ళుగా కాఫీ అమ్ముతోంది. చదువు రెండో తరగతితో ఆపేసింది గాని నోరు మాత్రం ఎక్కడా ఆపలేదు. ఆమె ఫ్లాస్కు పెట్టుకునే బెంచీ చౌకులో తూర్పు మూలన ఉంటుంది. ఆ మూలకే మండే మూలని పేరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ పాతికమంది మగవాళ్ళు చేరి, మెడనరాలు ఉబ్బేలా బేస్‌బాల్ గురించి కొట్లాడుకుంటారు. తెలియనివాడు చూస్తే ఖూనీ జరుగుతోందనుకుంటాడు. తెలిసినవాడు ఒక కాఫీ కొనుక్కుని తనూ అరుస్తాడు.

పుయెర్తో మాన్సో జట్టు పేరు పీతలు. కొండల అవతల సాన్ హసీంతో జట్టు పేరు కొడవళ్ళు. ఈ రెండూళ్ళ మధ్య పిల్లనిచ్చుకోవడాలున్నాయి, అరటిగెలలు పంపుకోవడాలున్నాయి, మాట మంచితనం మాత్రం లేదు. ఆ ఏడాది పీతలు కప్పు గెలిచేలా కనబడ్డారు. సరిగ్గా అప్పుడే ఆ ఆదివారం వచ్చింది.

కొడవళ్ళ తరఫున ఆడుతున్న ఒస్మెల్ రెండో బేసు వైపు పరిగెత్తి, మేకుల బూట్లు ముందుకు పెట్టి జారాడు. బేసు దగ్గర నిలబడ్డ ఎలియో కాలెముక పుటుక్కున విరిగింది. ఎలియో పీతలకు ప్రాణం. ఒస్మెల్ ఎవరంటే పుయెర్తో మాన్సోలోనే పుట్టి, ఈ ఊరి చేపలు తిని పెరిగి, రెండేళ్ళ కిందట కొడవళ్ళ జట్టులో చేరినవాడు. మంట మీద కిరసనాయిలు పోసినట్టయింది.

మర్నాడు మండే మూల పేరుకు తగ్గట్టే మండింది.

"కావాలనే కొట్టాడు! బూటు మోకాలెత్తున లేచింది, నేను చూశాను!" అన్నాడు విల్బెర్. రేవులో మూటలు మోసే మనిషి, తలుపంత వెడల్పుంటాడు.

"నువ్వు ఆట రేడియోలో విన్నావు కదరా?"

"రేడియోలోనే చూశాను!"

"వాణ్ణి జన్మలో బ్యాటు పట్టనివ్వకూడదు," అని సెవేరో ఇంతెత్తున లేచాడు. "జట్టులోంచి బయటికి! జిల్లాలోంచి బయటికి! ఈ ద్వీపంలోంచే బయటికి!"

"ద్వీపం దాటితే సముద్రం కదా పెద్దాయనా?"

"సముద్రంలోంచి కూడా బయటికి!"

అప్పుడు విల్బెర్‌కు ఒక ఆలోచన వచ్చింది. అతనికి ఆలోచనలు తక్కువ, వచ్చినవాటిని వదలడు. "వాడి అమ్మ హెర్మీనియా ఇక్కడే ఉంది కదా, చర్చి వెనక వీధిలో. పదండి. తలుపుకు నాలుగు కుళ్ళిన చేపలు కొట్టి, కడుపులో ఉన్నదంతా కక్కేసి వద్దాం."

పదిమంది లేచారు. సెవేరో టోపీ వెనక్కి తిప్పాడు.

"ఆగండి! ఆమెను తిట్టడానికి చివర ఎవరు?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రొట్టెకైనా, బస్సుకైనా, పన్ను పీకించుకోవడానికైనా, వచ్చినవాడు ముందుగా వరసలో చివర ఎవరని అడగాలి. అడిగినవాడి వెనకే తర్వాతివాడు. ప్రభుత్వాలు మారినా ఆ ఊళ్ళో ఇది మారలేదు.

"ఎవరూ లేరా? అయితే నేనే మొదటివాణ్ణి," అన్నాడు సెవేరో. "నాది అయ్యాక మీది."

"అయితే నీ వెనక నేను," అన్నాడు విల్బెర్, అన్యాయమైపోయినట్టు. అతని వెనక రొట్టెల దుకాణంవాడు, వాడి వెనక మంగలి. తిట్టడానికి పంతొమ్మిది మంది వరస కట్టారు.

ఎదెల్మిరా ఊరుకోలేకపోయింది. "మీ నోళ్ళు పడిపోను! రాత్రంతా వాన పడింది, మట్టి జారుడుగా ఉంది. కుర్రాడు కావాలని చేశాడో, కాలు జారిందో మీకేం తెలుసు?"

పాతికమందీ ఆమె మీదికి తిరిగారు. "కొడవళ్ళ మనిషివా?" "ఎంత ముట్టింది?" అంటూ విల్బెర్ ఫ్లాస్కు మీద చెయ్యి వేశాడు.

"ఎదెల్మిరా!" ఆ కేకకు పావురాలు లేచిపోయాయి. సెవేరో బొటనవేలు ఆమె మొహం ముందు నుంచి భుజం మీదికి ఎగిరింది. "బయటికి! ఫ్లాస్కుతో సహా బయటికి! మందుల దుకాణం దాకా ఆగకుండా నడు!"

నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఎదెల్మిరా తన బెంచీ వదిలి, చౌకు అవతల, నెత్తిన ఎండ కొట్టే మందుల దుకాణం ముందు కూర్చుంది. కళ్ళలో నీళ్ళు రాలేదు. ఏడవడం ఆమెకు చేతకాదు. కూర్చుని తిట్లు తయారుచేసుకుంది. ఒక్కొక్క తిట్టునూ ఉప్పేసి, కారమేసి, సెవేరో కోసమని మనసులో ఊరబెట్టింది.

ఆ తర్వాత ఆమె చూసింది ఇంకా అన్యాయం. రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి సెవేరో హెర్మీనియా తలుపు ముందు ప్రత్యక్షం. "బయటికి రా! ఏం కొడుకును కన్నావే తల్లీ! నడు! ఈ వీధిలోంచి బయటికి!" హెర్మీనియా తల దించుకుని, చేతిలో మూతపెట్టిన గిన్నెతో బయటికొచ్చేది. ఆయన రెండడుగుల వెనకే బొటనవేలు ఆడిస్తూ, వీధి పొడవునా తిట్టుకుంటూ తోలుకుపోయేవాడు. జనం గుమ్మాల్లో నిలబడి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసేవారు. విల్బెర్ ఎదురుపడి రోజూ అడిగేవాడు.

"నీది అయిందా పెద్దాయనా?"

"అప్పుడేనా? ఇవాళ వాడి చిన్నతనం దగ్గరున్నాను. ఇంకా బ్యాటు పట్టడానికే రాలేదు."

వరసలో నిలబడ్డవాడు ముందువాణ్ణి తొయ్యకూడదు. విల్బెర్ పళ్ళు కొరుక్కుని వెళ్ళిపోయేవాడు.

'పెళ్ళాం పోయాక ముసలాడికి మానం కూడా పోయింది,' అనుకుంది ఎదెల్మిరా. 'కన్నతల్లిని వీధిలో తోలతాడా, గొడ్డును తోలినట్టు!' ఊరగాయ జాడీలో ఇంకో నాలుగు తిట్లు పడ్డాయి.

పదకొండో రోజు, గురువారం సాయంత్రం అయిదింటికి, సాన్ హసీంతో బస్సు చౌకులో ఆగింది. టోపీ కళ్ళమీదికి లాక్కున్న కుర్రాడొకడు దిగాడు. చేతిలో జామపండ్ల సంచీ. టోపీ ఎంత లాక్కుంటే ఏం, ఆ నడక ఊరంతటికీ తెలుసు.

"ఒస్మెల్!"

మండే మూల మొత్తం ఒక్కసారిగా లేచింది. ఎటు చూసినా మనుషులే. ఒస్మెల్ వెనక్కి చూశాడు. బస్సు వెళ్ళిపోయింది.

"ఎలియోను చూసి పోదామని వచ్చానన్నా," అన్నాడు.

"చూస్తావురా! వాడి పక్క మంచం మీద పడుకుని చూస్తావు!" విల్బెర్ చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు. ఎవడో రాయి తీశాడు. ఎదెల్మిరా అవతలి పక్కన లేచి నిలబడింది. కాఫీ ఇంకా వేడిగానే ఉంది, విల్బెర్ మీద పోస్తే ఎంతసేపు ఆగుతాడా అని లెక్కవేసుకుంది.

ఇంతలో జనం కాళ్ళ సందుల్లోంచి దూరినట్టు సెవేరో మధ్యలోకి వచ్చాడు. టోపీ అప్పటికే వెనక్కి తిరిగి ఉంది.

"నా వంతు!" అని అరిచాడు. "చివర ఎవరో గుర్తుందా? మొదటివాణ్ణి నేను! తల్లిదే ఇంకా కాలేదు, కొడుకు దగ్గరికి ఎవడొస్తాడో రండి!"

"పెద్దాయనా, ఒక్క దెబ్బ..."

"విల్బెర్, బయటికి! నా వంతులో వేలు పెట్టిన ప్రతివాడూ వరసలోంచి బయటికి! మళ్ళీ చివరికి పోయి నిలబడాలి!"

రాయి పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. పదకొండు రోజులు కాచుకున్న వంతు పోగొట్టుకోవడం ఎవరికి మనసొప్పుతుంది?

"ఇక నువ్వు!" ఒస్మెల్ వైపు తిరిగిన సెవేరో మొహం ఎర్రమిరపకాయలా ఉంది. "ద్రోహీ! మేకులబూటు! బయటికి! ఆ వీధిలోకి నడు! కుడివైపు తిరుగు! కుడి ఏదో కూడా తెలియదురా నీకు, అందుకే బేసు కనబడలేదు! బయటికి!"

జనం చీలి దారిచ్చారు. కుర్రాడు ముందు, ముసలాడు వెనక, ఆ వెనక ఊరంతా. సెవేరో ఆగకుండా తిడుతున్నాడు. ఒస్మెల్ తాతను తిట్టాడు, తాత గాడిదను తిట్టాడు, ఆ గాడిదను అమ్మినవాణ్ణి తిట్టాడు. ఎదెల్మిరా ఫ్లాస్కు చంకన పెట్టుకుని ఆయాసపడుతూ వెంటపడింది. ఇవాళ ఈ ముసలాణ్ణి కడిగెయ్యకపోతే తన పేరు ఎదెల్మిరా కాదు.

మూడు వీధులు తిరిగాక ఆసుపత్రి గేటు వచ్చింది. సెవేరో కుర్రాణ్ణి లోపలికి గెంటి, వెనకే తనూ దూరి, తలుపు మూశాడు. కాపలావాడు ఊరివాళ్ళందరికీ అడ్డం నిలబడ్డాడు. కాఫీ మనిషి కాబట్టి ఎదెల్మిరాను మాత్రం వదిలాడు.

"ఇవాళ గోల ఎక్కువుందేమమ్మా?" అన్నాడు. "రోజూ నాలుగింటికి ఆయనా ఆ గిన్నె ఆవిడే వచ్చేవాళ్ళు. ఇవాళా ఇందాకే ఆవిణ్ణి లోపల దింపి పోయాడు."

ఎదెల్మిరా కాలు అక్కడే ఆగిపోయింది. "ఏ గిన్నె ఆవిడ?"

వార్డులో ఎలియో మంచం పక్కన హెర్మీనియా కూర్చుని ఉంది. గిన్నె మూత తీసి ఉంది. కోడిమాంసం, చేమదుంపల వాసన గదంతా కమ్ముకుంది. ఈ పదకొండు రోజులూ, తన కొడుకు వల్ల కాలు విరిగిన కుర్రాడికి ఆ తల్లి తన చేత్తో పులుసు తాగిస్తోంది. వీధిలో ఆమె మీద ఈగ కూడా వాలకుండా ఆ ముసలాడు తిట్టుకుంటూ తోడొస్తున్నాడు.

ఒస్మెల్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఎలియో అన్నా..."

"నోర్ముయ్!" అన్నాడు ఎలియో. "పదకొండు రోజులా రావడానికి? మీ అమ్మ వచ్చింది గాని నువ్వు రాలేదు! కూర్చో. జామపండ్లేనా? ఇటివ్వు." ఒక పండు కొరికి, నమిలి, గోడవైపు తిరిగాడు. "కాలు అడ్డం పెట్టింది నేనేరా. బంతి నా చేతిలో లేదు. బంతి లేనప్పుడు దారికడ్డం పెట్టకూడదని తెలుసు. పెట్టాను."

హెర్మీనియా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఈ మాట ఊళ్ళో చెప్పచ్చు కదా నాయనా?"

"చెప్తానత్తా. నిజం చెప్పాలంటే ముందు పరిగెత్తడం రావాలి. కట్టు విప్పనీ."

అప్పుడు ఎదెల్మిరా సెవేరో వైపు చూసింది. ఆయన వీధివైపు కిటికీ దగ్గర, ఒట్టి గోడకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో పులుసు గిన్నె. "సిగ్గులేనివాడా! చేప తలకాయా!" అని గోడను చూసి గర్జిస్తాడు, ఒక గుటక వేస్తాడు, మూతి తుడుచుకుంటాడు, మళ్ళీ గర్జిస్తాడు. కిటికీ బయట ఊరు ఊరంతా తలలూపుతూ వింటోంది.

"పెద్దాయనా, అయిందా?" అని కింద నుంచి విల్బెర్ గొంతు.

"సగం కూడా కాలేదు!" అంటూ సెవేరో ఎదెల్మిరా వైపు తిరిగాడు. గొంతు బొంగురుపోయింది. చూపులో భయం. "వీళ్ళు ఇళ్ళకు పోయేలా లేరు. నా దగ్గర తిట్లు అయిపోయాయి," అన్నాడు గుసగుసగా. "ఇందాకటి నుంచి చూస్తున్నాను, ఒకటే తిప్పి తిప్పి తిడుతున్నాను. కనిపెట్టేస్తారు. నీ దగ్గరేమన్నా ఉన్నాయా?"

ఎదెల్మిరా ఫ్లాస్కు కింద పెట్టింది. చీపురుపుల్లలా నిటారుగా నిలబడి, ఆయన చెవిలో మొదటిది చెప్పింది.

"తుప్పు పట్టిన గొళ్ళెమా!" అని కిటికీలోంచి అరిచాడు సెవేరో.

రెండోది చెప్పింది.

"ఏ తాళానికీ పట్టని వంకర తాళంచెవీ!"

బయట జనం భేష్ అన్నారు. బేస్‌బాల్ ఆడేవాడికి గొళ్ళేలేమిటి, తాళాలేమిటి అని ఎవరికీ అనుమానం రాలేదు. సెవేరోకు మాత్రం వచ్చింది. అనుమానంగా ఆమె వైపు చూశాడు.

"ఎదెల్మిరా, ఇవి ఎవరికోసం చేసినవి?"

"ఎవరికైతే ఏం? అరువు," అంది ఎదెల్మిరా. "అరిచెయ్, ఇంకా బోలెడున్నాయి."