స్పృహ తప్పితే బిర్యానీ

ఉత్తుత్తి గాయాలకు రేటు కట్టిన మనిషి సికింద్రాబాద్ మొత్తం మీద నేనొక్కణ్నే. ఈ ఘనతలో వాటా అడగడానికి ఇన్నేళ్లలో ఎవరూ రాలేదు, వచ్చినా ఇవ్వను. ఆ రోజుల్లో నేను ఏ వస్తువు ధరా చెప్పినదానికి ఒప్పుకుని ఎరగను. జనరల్ బజార్‌లో మా నాయినది రిబ్బన్లు, లేసులు, గుండీల దుకాణం. అక్షరాల కంటే ముందు గజం కొలవడం నేర్చుకున్నాను. ఆటో ఎక్కేటప్పుడు బేరం, దిగేటప్పుడు ఇంకోసారి బేరం. పన్ను పీకించుకోవడానికి పోయి, నోరు తెరిచి పడుకుని ఉండగానే డాక్టరును రెండో పన్నుకు ఎంత తగ్గిస్తారని అడిగాను (రెండో పన్ను బాగానే ఉంది, ఊరికే తెలుసుకుందామని). ఇలాంటి పనిమంతుడికి ఒక విశ్వవిద్యాలయం పిలిచి ఉద్యోగం ఇచ్చింది. అదీ ఆపద వేళల్లో జనాన్ని కాపాడే విభాగంలో.

విభాగం అంటే నేను, మేజర్ సార్, ఒక బీరువా. మేజర్ సార్ సైన్యంలో సుబేదారుగా రిటైరై సైనిక్‌పురిలో స్థిరపడ్డారు. మేజర్ అన్నది మేము ఇచ్చిన ప్రమోషన్. మా విశ్వవిద్యాలయం మూడు ముక్కలుగా ఉండేది. మగపిల్లల కాలేజీ, ఆఫీసూ, అంబులెన్సూ కార్ఖానా అనే పేటలో. స్ట్రెచర్లున్న స్టోరు సైనిక్‌పురిలో. అమ్మాయిల కాలేజీ, హాస్టలు మారేడ్‌పల్లిలో. అంటే దెబ్బ ఒకచోట తగిలితే మోసే మంచం ఇంకోచోటి నుంచి, తీసుకుపోయే బండి మూడోచోటి నుంచి రావాలి. ఈ మూడింటినీ సమయానికి ఒకచోటికి చేర్చడమే నా పని. అందుకోసం ప్రతి ఉదయం సరిగ్గా పది గంటలకు వాకీటాకీలో హాజరు పిలిచేవాణ్ని. మాలో మాకు పేర్లుండేవి కావు, క్యాంపస్ పేరే మనిషి పేరు. "సైనిక్‌పురి!" అంటే స్టోరు గుమస్తా ఆవలిస్తూ, "అంతా ఓకే అన్నా" అనేవాడు. ఏది ఓకేనో ఆయనకూ తెలియదు. "మారేడ్‌పల్లి!" అనగానే మాత్రం గరగర శబ్దం కాస్త ఆగి, కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక గొంతు వినిపించేది: "ప్రభువు దయవల్ల రెండువందల పన్నెండు మందీ క్షేమమండీ, కార్ఖానా గారూ."

ఆవిడ హాస్టల్ వార్డెన్. పట్టపగలు కూడా సంచిలో టార్చిలైటు పెట్టుకుంటుందని పిల్లలు టార్చి మేడమ్ అనేవారు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆదివారాలు చర్చిలో పాడుతుందని విన్నాను, పాట మాత్రం ఎప్పుడూ వినలేదు. రోజూ ఆ ఒక్క వాక్యమే. ఆ లెక్కలో ఎప్పుడూ "సుమారు" అన్న మాట ఉండేది కాదు. ఒకమ్మాయి ఊరెళ్తే రెండువందల పదకొండు, తిరిగొస్తే మళ్లీ పన్నెండు. గజానికి నాలుగు వేళ్లు తగ్గించి కొలిచే వీధిలో పెరిగినవాణ్ని కదా, అంత ఖచ్చితమైన మనిషిని చూడటం అదే మొదటిసారి. పదిగంటల హాజరు కోసం తొమ్మిదిన్నరకే తల దువ్వుకుని కూర్చునేవాణ్ని. వాకీటాకీలో తల కనబడదని తెలిసే.

ఏప్రిల్‌లో పెద్ద డ్రిల్ పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మారేడ్‌పల్లి హాస్టల్ వంటింట్లో గ్యాసు లీకైనట్టు, ఆరుగురు స్పృహ తప్పినట్టు, మిగతా రెండు క్యాంపస్‌లూ ఉరికి వచ్చినట్టు. ఆ ఆరుగురి కోసం కార్ఖానా పిల్లల దగ్గరికి వెళ్లాను. వాళ్ల తరఫున మాట్లాడినవాణ్ని అందరూ లీడర్ అనేవారు.

"ఊకె పండుకునుడేనా అన్నా? గింత ఎండల?" అన్నాడు లీడర్.

"సర్టిఫికెట్ ఇస్తం."

"సర్టిఫికెట్ నంజుకుని తింటమా?"

"సరే. చిన్న దెబ్బ అయితే సమోసా, చాయ్."

"స్పృహ తప్పితే?"

నేను కాసేపు ఆలోచించినట్టు నటించాను. "సింగిల్ బిర్యానీ."

"మరి చచ్చిపోయినోనికి?"

"చచ్చిపోయినోడు తింటడా రా?"

"ఇంటికి ప్యాక్ చేయుర్రి అన్నా. వాళ్లమ్మ ఎంత పరేషాన్‌ల ఉంటదో!"

చావు ఉండదని, రాయితా ఇస్తానని, గుడ్డు కుదరదని తేల్చుకుని, చేతులు కలిపి, గెలిచినవాడిలా ఆఫీసుకు వచ్చాను. బేరమంతటిలో ఒక్క మాట అడగడం మరిచిపోయాను. రేటు మాట్లాడాను గానీ, ఎందరికి అన్నది మాట్లాడలేదు. దుకాణదారుడి కొడుకు చేయకూడని తప్పు ప్రపంచంలో ఏదన్నా ఉంటే అదే.

వార్డెన్ మాత్రం ఆ లోటును మరునాడే పసిగట్టింది. హాజరు అయ్యాక వాకీటాకీ పెట్టేయకుండా, "కార్ఖానా గారూ, ఒక్క మాటండీ. ఆ ఆరుగురికీ చేతికి పసుపు రిబ్బను కడదామండీ. రిబ్బను ఉంటే నాటకం. రిబ్బను లేకుండా ఎవరు పడినా నిజంగా పడినట్టే, పరిగెత్తి వెళ్లాలి. ఎండలు చూస్తున్నారుగా" అంది.

"ఆరు మొహాలు గుర్తుపెట్టుకోలేనా మేడమ్? దానికి రిబ్బన్లు ఎందుకు, వేస్టు."

"రెండు గజాలు చాలండీ."

"రెండు గజాలు సుత వేస్టే మేడమ్."

"మీతో బేరం ఆడలేనండీ బాబూ" అని నవ్వేసింది.

ఖర్చు కాదు అసలు కారణం. పసుపు రిబ్బను మా దుకాణంలో రెండో అరలో ఎడమ పక్కన చుట్టలు చుట్టలుగా ఉండేది. వెళ్లి అడిగితే మా నాయిన కళ్లజోడు పైనుంచి చూసి, "ఎవరికి రా?" అంటాడు. ఆ ప్రశ్నకు భయపడ్డాను. యూనివర్సిటీకి అని చెప్పొచ్చు. కానీ నా మొహం ఇంకోటి చెబుతుందని, ముప్పై ఏళ్లుగా కొనేవాళ్ల మొహాలు చదివిన మా నాయిన దాన్ని చదివేస్తాడని తెలుసు. ఆ రెండు గజాలనూ లిస్టులోంచి కొట్టేశాను.

డ్రిల్ రోజు కార్ఖానా పిల్లలంతా మారేడ్‌పల్లి గ్రౌండుకు వచ్చారు, పదకొండు గంటలకు సైరన్ మోగింది. ఆరుగురు పడాలి. ఆరుగురూ పడ్డారు. పక్కన నిలబడ్డ ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్లూ పడ్డారు. వాలీబాల్ నెట్టు దగ్గరివాళ్లు నీడ చూసుకుని పడ్డారు. ఒకడు ఫోన్ మాట్లాడుతూ, "ఆగు రా, స్పృహ తప్పుతున్న, మళ్ల చేస్త" అని పెట్టేసి పడ్డాడు. ఐదు నిమిషాల్లో గ్రౌండంతా బట్టలు ఆరేసినట్టు మనుషులు. మేజర్ సార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "వెరీ రియలిస్టిక్!" అని నా భుజం తట్టారు. వచ్చిన స్ట్రెచర్లు రెండు.

నేను ప్యాడ్, పెన్సిలు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి టైము వేసి రాసుకోవడం షురూ చేశాను. అందులోనూ బేరమే. "నువ్వు లిస్టుల లేవు, లే." "స్పృహ తప్పినోనితోని మాట్లాడొద్దన్నా." "కండ్లు తెరిచినవ్, సమోసానే." "తెరవలేదన్నా, అవే తెరుచుకున్నయ్." అలా పోతూ పోతూ వంటింటి మెట్ల దగ్గరికి వచ్చాను. మెట్ల కింద, ఎండలో, రిజిస్టరు గుండెల మీద పెట్టుకుని ఆవిడ పడి ఉంది.

నాకు నవ్వొచ్చింది. ఇంత ఖచ్చితమైన మనిషి కూడా చివరికి బిర్యానీకి పడిపోయిందా అనుకున్నాను. వంగి, "స్టాఫ్‌కు బిర్యానీ లేదండీ, మారేడ్‌పల్లి గారూ. లేవండి" అన్నాను. లేవలేదు. ఎంత బాగా నటిస్తోందీ అని ముచ్చటపడి, ప్యాడ్ మీద "11.12, వార్డెన్, స్టాఫ్, బిర్యానీ లేదు" అని రాసుకుని ముందుకు పోయాను.

ఇంకో తొమ్మిదిమందితో బేరమాడాను. అప్పుడు వంటక్క మంచినీళ్ల చెంబుతో బయటికొచ్చి మెట్ల దగ్గర ఆగిపోయి అరిచింది: "ఓ సారూ! మా మేడమ్ పొద్దుగాల్ల సంది చాయ్ సుత తాగలే! పిల్లల లెక్క వెట్టుకుంట గీ ఎండల్నే తిరిగింది! గిది నాటకం పడుడు గాదు సారూ!"

నేను ఎట్లా అరిచానో నాకు గుర్తులేదు. "నిజం! ఇది నిజం!" అన్నానని లీడర్ తర్వాత చెప్పాడు. గుర్తున్నది ఒక్కటే. స్పృహ తప్పినవాళ్లందరూ ఒక్కసారిగా లేచారు. ఒకరు స్ట్రెచర్ తెచ్చారు, ఇద్దరు గేటు తెరిచారు, ఫోన్ పెట్టేసినవాడు తన చొక్కా విప్పి నీడ పట్టాడు, లీడర్ అంబులెన్సుకు అడ్డంగా ఉన్న మేజర్ సార్ స్కూటర్‌ను చేతులతో ఎత్తి పక్కన పెట్టాడు. మూడు నెలలుగా నేను కాగితాల మీద నేర్పలేనిదంతా రెండు నిమిషాల్లో జరిగిపోయింది. సైనిక్‌పురి మంచం, కార్ఖానా బండి, మారేడ్‌పల్లి మనిషి. మూడూ మొదటిసారి ఒకచోట కలిశాయి.

అంబులెన్సులో తడిగుడ్డ వేసి విసిరాక ఆవిడ కళ్లు తెరిచింది, చెంచాతో ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు పట్టాం. మొదట అడిగింది, "అందరూ ఉన్నారాండీ?" అని. రెండువందల పన్నెండు మందీ ఉన్నారని వంటక్క చెప్పింది. ఆవిడ నా వైపు తిరిగి, "ఎంతసేపు పడున్నానండీ?" అంది.

"రెండు నిమిషాలు మేడమ్."

ఆవిడ నా చేతిలోని ప్యాడ్ చూసింది, నా మొహం చూసింది. "దీనికి కూడా బేరమేనా కార్ఖానా గారూ?" అని మెల్లగా నవ్వి కళ్లు మూసుకుంది. కోపం చేసినా బాగుండేది.

మరుసటి వారం దుకాణానికి వెళ్లి పసుపు రిబ్బను రెండు గజాలు అడిగాను. "ఎవరికి రా?" అన్నాడు మా నాయిన. కళ్లజోడు పైనుంచి నా మొహం చదివి, మూడు గజాలు కొలిచి కత్తిరించాడు. మా నాయిన ఎక్కువ కొలవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ రిబ్బను నా సొరుగులోనే ఉండిపోయింది. జూన్‌లో ఆవిడ కాకినాడ దగ్గర ఒక బడిలో పని దొరికి వెళ్లిపోయింది. చివరి రోజు పది గంటలకు, "ప్రభువు దయవల్ల రెండువందల పన్నెండు మందీ క్షేమమండీ" అంది. వెంటనే పెట్టేయలేదు, కాసేపు గరగర శబ్దం వచ్చింది. నేను బటన్ నొక్కి, "కార్ఖానా. విన్నాను" అన్నాను. అంతే అన్నాను.

ఇప్పుడు మేజర్ సార్ కుర్చీలో నేను కూర్చుంటున్నాను, తల మీద దువ్వడానికి పెద్దగా ఏమీ లేదు. మా మూడు క్యాంపస్‌లలో ఏ డ్రిల్ జరిగినా పడేవాళ్ల చేతికి పసుపు రిబ్బను ఉంటుంది, రిబ్బను లేనివాళ్ల దగ్గరికి అందరూ పరిగెత్తాలి. ఎవరు పెట్టారీ పద్ధతి అని కొత్తవాళ్లు అడిగితే మారేడ్‌పల్లి అని చెబుతాను. హాజరు ఇప్పుడు ఫోన్ గ్రూపులో బొటనవేలి బొమ్మలతో అయిపోతుంది. అయినా పది గంటలకు చేతిలో పని ఆపేస్తాను.

ఆ డ్రిల్ బిల్లు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆఫీసుకు పెట్టినది కాదు, అసలుది. సింగిల్ బిర్యానీలు నలభై మూడు, ఆరు ఆఫీసు ఖాతాలో, మిగతా ముప్పై ఏడు నా జీతంలో. రాయితా ఉచితం, హోటలువాడితో మాట్లాడి సాధించాను. సమోసాలు తినడానికి ఎవరూ మిగల్లేదు. పసుపు రిబ్బను రెండు గజాలు, కొనలేదు, ఆదా. ఆవిడ ఎండలో పడి ఉన్నది, ప్యాడ్ మీద నా రాత ప్రకారం, 11.12 నుంచి 11.19 దాకా. రెండు కాదు, ఏడు నిమిషాలు.