పొట్టి తాడు

దొంగతనం చేశానని రాయడానికి నాకు పదహారేళ్లు పట్టింది. దొంగిలించింది బంగారం కాదు, బండి కాదు. ఒక కుక్కను. నవ్వొస్తే నవ్వండి. మొదట్లో నేనూ నవ్వి తేల్చేద్దామని చూశాను. కుక్కే కదా అనుకున్నాను. పటాన్‌చెరులో ఆ మాట ఎవరన్నా అంటే కొట్లాటకు దిగేవాణ్ణి, నాకు నేనే అదే మాట చెప్పుకున్నాను చూడండి, అక్కడే తెలియాల్సింది నేనెంత కిందికి జారానో.

నా పేరు చెప్పను. చెబితే ఈ చుట్టుపక్కల చాలామంది గుర్తుపడతారు. గుర్తుపట్టి, సారు అలాంటివాడు కాదంటారు. ఆ మాట వినే ఓపిక నాకిక లేదు. పోయిన నెల మా కాలనీ సంఘం వాళ్లు పిలిచి నాకు శాలువా కప్పారు. మూగజీవాల పాలిట దేవుణ్ణట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నాకు ఆ శ్రమ కూడా లేకుండా వాళ్లే తడిమారు. ఇంటికొచ్చాక ఆ శాలువాను బీరువాలో పెట్టలేకపోయాను, పారేయలేకపోయాను. ఆఖరికి కాగితం తీశాను. మా ఇంటావిడకు కూడా చెప్పని సంగతి మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే మేలు.

తొంభైల మొదట్లో నేనొక మందుల కంపెనీలో డిస్పాచ్ గుమాస్తాను. మాది జిన్నారం వైపు పొలాలున్న పటేళ్ల కుటుంబం. పొలం అన్న చూసుకుంటుంటే నేను డ్యూటీలో చేరి పటాన్‌చెరులో గది కిరాయికి తీసుకున్నాను. అప్పట్లో కంపెనీలు ఎంత జోరుగా తెరుచుకునేవో అంతే జోరుగా మూతపడేవి. ఓనరు పోయేవాడు, మిషన్లు పోయేవి, వాచ్‌మన్ కూడా మూట కట్టుకుని తన దేశం పోయేవాడు. గేటు దగ్గర గొలుసుకు కుక్క మాత్రం మిగిలేది. ఏ చలానాలోనూ ఎక్కని సరుకు.

అలా మిగిలిపోయిన ఒకదానికి మా క్యాంటీన్ చపాతీలు గేటు కిందనుంచి తోసేవాణ్ణి. వారం పైన తోశాక, ఇక ఎవరూ రారని తెలిసి గోడ దూకాను. మొదటిది అదే. పశువుల దవాఖానలో కంపౌండర్ యాదగిరి దాని మెడ పుండు కడిగి, మరునాటినుంచి నాకు జతగాడైపోయాడు. పుండ్లకు మందు రాసేవాడు, సూది వేసేవాడు, చెవుల్లోంచి గోమార్లు ఏరుతూ పాటలు పాడేవాడు. పాట బాగుండేది కాదు. కుక్కలు ఓర్చుకునేవి.

కోలుకున్నదాన్ని మెడదాకా గోనెసంచిలో కూర్చోబెట్టి, నా లూనా వెనక కట్టి, కొత్త ఇంటికి తీసుకుపోయేవాణ్ణి. కోళ్లఫారానికి ఒకటి, గోదాముకు ఒకటి, ద్రాక్షతోటకు ఒకటి. దారిలో జనం పెళ్లికొడుకు ఊరేగింపును చూసినట్టు ఆగి చూసేవాళ్లు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా ముక్కుకు ముందు కంపెనీల ఘాటు వాసన వస్తుంది, దాని వెనకే తడిసిన గోనెసంచి వాసన. రెండూ మంచి వాసనలు కావు. అయినా నా బతుకులో అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేను. నన్ను కుక్కల సారు అని పిలిచేవాళ్లు. ఆ పేరంటే నాకెంత ఇష్టమో యాదగిరికి ఒక్కడికే తెలుసు.

యాదగిరి ఒక్క షరతు పెట్టాడు. మూతపడ్డ కంపెనీ అయితే సరే, మనుషులున్న ఇల్లైతే మాత్రం అడగకుండా తేవద్దన్నాడు. తాడు కట్టిన మనిషి ఒకరుంటారు, ఎందుకు కట్టారో వాళ్ల నోటితో వినాలన్నాడు. సరేనన్నాను. ఒక్కసారి తప్పాను.

ఎండాకాలం. డ్యూటీకి లక్డారం దారిన చుట్టు తిరిగి వెళ్లే రోజులు. రోడ్డు పక్కన ఒంటరి గుడిసె ముందు గుంజకు ఎర్ర కుక్క ఒకటి కట్టేసి ఉండేది. ముందుకాలు ఒకటి తెలుపు. డొక్కలు లెక్కపెట్టొచ్చు. తాడు మూరెడు కూడా లేదు. నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంది. మూడు రోజులు చూశాను. మూడు రోజులూ గుడిసెకు గడియపెట్టే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తూ లూనా ఆపాను.

సంచిలో కత్తి ఉంది. తీసి, ఆగాను. పాపం పేదవాళ్ల తాడు, కోసి పాడుచేయడం ఎందుకనిపించింది. అక్కడే గొంతుకూర్చుని దాని మెడ దగ్గరి ముడి విప్పడం మొదలుపెట్టాను. గట్టి ముడి. బిగుసుకుపోకుండా, జారిపోకుండా, ఎంతో ఓపికగా వేసినది. మెడ ఒరుసుకుపోకుండా తాడుకు పాత చీర పీలిక చుట్టి ఉంది. విప్పేసరికి నా బొటనవేలి గోరు చీలింది. ఆ పీలిక చూశాను. చూడలేదని మీతో అబద్ధమాడను. చూసి కూడా, పట్టించుకోనివాళ్లు కట్టిన కుక్క అనే అనుకున్నాను. కళ్లముందున్నది కాక నేను ముందే రాసిపెట్టుకున్నదే చదివాను. పైగా తాడు కోయనందుకు నా దయాగుణానికి నేనే మురిసిపోయాను.

కుక్క మొరగలేదు. సంచిలోకి కూడా బుద్ధిగా ఎక్కింది. ముత్తంగిలో రిటైరైన హెడ్మాస్టరు గారొకరికి జామతోట ఉండేది, మంచి కుక్క కావాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. నేరుగా అక్కడే దించాను. టామీ అని పేరు పెట్టి, అప్పటికప్పుడు పాలు పోయించారు. యాదగిరి అడిగితే, అడిగే తెచ్చానన్నాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం.

నాలుగు రోజుల తర్వాత షిఫ్టు వదిలేసరికి మా కంపెనీ గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. యాభై దాటి ఉంటుంది. కూలి పనికి పోయే మనిషని చేతులు చూస్తేనే తెలుస్తుంది. పేరు లచ్చవ్వ అని తర్వాత చెప్పింది.

"కుక్కల సారంటె నువ్వేనా సారూ?"

"నేనే అవ్వా. ఏంది సంగతి?"

"మా మోతి కనబడ్తలేదు. ఎర్రగుంటది, ముందటి కాలు తెల్లగుంటది. నీకు ఈడ కుక్కలన్ని ఎరుకనట గద. జెర నువ్వు ఎతికిపెట్టాలె."

దొంగకు తేలు కుట్టినట్టయింది. అప్పుడే చెప్పేయొచ్చు. అవ్వా, పొరపాటైంది, పద పోయి తెచ్చుకుందాం అంటే అయిపోయేది. ముత్తంగి ఎంత దూరమని? కానీ గేటు దగ్గర మావాళ్లున్నారు. ఇంతలో ఒకడు, కుక్కల సారు పట్టుకుంటే దొరక్కుండా పోతదా అన్నాడు. నేను లూనా తీసి, ఎక్కు అవ్వా అన్నాను.

అవును, నేను దొంగిలించిన కుక్కను వెతకడానికి, దాని మనిషిని నా బండి మీదే తిప్పాను. బండి ఎక్కడం ఆమెకు అదే మొదటిసారట. సీటును రెండు చేతులా పట్టుకుని, కంపెనీ గోడ వచ్చిన ప్రతిచోటా మోతీ, మోతీ అని పిలిచేది. కుక్కల్ని పిలిచే గొంతులు నేనెన్నో విన్నాను. అలాంటిది మళ్లీ వినలేదు. ముత్తంగి దారి చూద్దామా అని ఒకసారి అడిగింది. పొద్దున ఆ దిక్కునుంచే వచ్చాను, అక్కడ లేదన్నాను.

ఆఖరికి వాగు దగ్గర ఆపమంది. ఆ రోజు వాగు పసుప్పచ్చగా ఉంది, ఒడ్డున నురగ. ఏ మందు తయారైన రోజు వాగు ఏ రంగులో ఉంటుందో మా డిస్పాచ్ గదిలో అందరికీ తెలుసు, దానిమీద జోకులు కూడా వేసుకునేవాళ్లం. లచ్చవ్వ దిగి, తుప్పల్లో, బండల వెనక వెతకసాగింది. కుక్కను కాదు, కుక్క శవాన్ని వెతుకుతోందని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. అప్పుడు నా నోరు ఊరుకోలేకపోయింది.

"గంత పొట్టి తాడు ఎందుకు కట్టినవ్ అవ్వా?"

ఆమె వంగి ఉన్నదల్లా లేచి నిలబడింది.

"పొడుగు తాడేస్తె కొరుక్కోని వాగుకు పోతది సారూ. దీని తల్లి ఈ నీళ్లు తాగే సచ్చె. కూలికి పోంగ కట్టేస్త, మాపటికొచ్చి ఇడుస్త. నేనొచ్చేదాక ముద్ద ముట్టది. గిన్నెల నీళ్లు పోసి పోతె బోర్లేస్తది." నా ముఖంలోకి చూసింది. "నా ముడే గట్టిగ లేకుండెనేమొ. ఎవలన్న కోస్తె తాడు తెగుతుండె. తాడు గట్లనే ఉన్నది. నా చేతులనే జారింది."

ఊకో అవ్వా, దొరుకుతదిలే అన్నాను.

తిరిగి వస్తుంటే దారిలో వెలిగింది. తాడు పొట్టిదని ఆమె నాకు చెప్పలేదు. చెప్పకుండానే నేనడిగాను. ఆమెకు తెలిసిందా? తెలిసే, నా ముడే జారిందని అన్నదా? పటేళ్ల ఇంటి పిల్లగాణ్ణి, డ్యూటీ చేసే సారును, దొంగవని అనలేక, నాకు నేనుగా చెప్పేందుకు ఒక సందు ఇచ్చి చూసిందా? లేక పాపం నిజంగానే తన చేతుల్ని తాను తిట్టుకుందా? ఈ రెంటిలో ఏది నాకు తక్కువ సిగ్గో పదహారేళ్లుగా తూచుకుంటున్నాను. ఇంకొకటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. ఆ కుక్క ఏ పటేల్ వాకిట్లోనో కట్టేసి ఉంటే, తలుపు తట్టకుండా విప్పేవాణ్ణా? విప్పను. లచ్చవ్వ గుడిసె కాబట్టే అడగాలని తోచలేదు. పేదరికాన్ని చూసి నిర్లక్ష్యమనుకున్నాను.

ఆ ఆదివారం కుక్కను తెచ్చేద్దామనే ముత్తంగి పోయాను, ఖాళీ గోనెసంచితో. మెడకు ఎర్ర పట్టీ, వీపు మీద నిగనిగ. హెడ్మాస్టరు గారు చాయ్ ఇప్పించి, నీ చేతి చలవయ్యా అన్నారు. తర్వాత ఒక వింత చెబుతున్నట్టు చెప్పారు: పొద్దంతా తోటంతా తిరుగుతుందట, సాయంత్రం కూలివాళ్లు పనులనుంచి మళ్లే వేళకు మాత్రం పోయి గేటు దగ్గర కూర్చుంటుందట, చీకటిపడేదాకా ముద్ద ముట్టదట. ఆయనకది వింత. నాకు కాదు. చాయ్ తాగాను. ఖాళీ సంచితోనే వచ్చేశాను. ఎందుకు? ఇక్కడ పాలు తాగుతుంది, అక్కడ గంజి అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన నన్ను మెచ్చుకున్నారు, అంతే. ఆ మెప్పు వదులుకోలేకపోయాను.

ఆ తర్వాత లచ్చవ్వ ఒక పని మొదలుపెట్టింది. పొద్దున కూలికి పోయే ముందు బిందెతో మంచినీళ్లు మోసుకొచ్చి, వాగు ఒడ్డున మట్టి మూకుడులో పోసి పోయేది. ఆ దిక్కున మంచినీళ్లంటే ట్యాంకరు వస్తేనే. మోతి ఇంకా బతికుండి దూప అయితే, వాగులో మూతి పెట్టకుండా ఇవి తాగుతుందని ఆమె ఆశ. ఎవరెవరి కుక్కలో, పిట్టలో తాగిపోయేవి. మళ్లీ పోసేది. నేను రోజూ ఆ దారినే డ్యూటీకి పోయేవాణ్ణి. ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే, నా సీసాలోని నీళ్లు ఆ మూకుడులో పోసి, ఏదో తీర్చుకున్నట్టు ఛాతీ విరుచుకుని వెళ్లాను. ఎంత చవక!

రెండేళ్లకు ఆ జాగాలో గోదాము లేచింది. గుడిసె పోయింది. లచ్చవ్వ కూతురి ఊరికి వెళ్లిపోయింది. వెళ్లి చెప్పాలని ప్రతి పండక్కీ అనుకునేవాణ్ణి. పంట కోతలయ్యాక, మా పాప పరీక్షలయ్యాక, వానలు వెలిశాక. చివరికి ఆమె పోయిందన్న కబురే ముందొచ్చింది. యాదగిరి ఉన్నాడు, బదిలీ అయి దూరంలో ఉన్నాడు, అతనికీ చెప్పలేదు. మోతి ముత్తంగిలో తొమ్మిదేళ్లు బతికింది. జామచెట్టు కింద పూడ్చామని హెడ్మాస్టరు గారు చెప్పారు. ఇప్పుడు ఆ తోట మీదుగా పెద్ద రోడ్డు పడుతోంది. పోయినవారం వెళ్లి చూశాను, చెట్లు లేవు, మట్టి గుట్టలే ఉన్నాయి.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ తర్వాత నేనెన్ని కుక్కలకు ఇల్లు చూపించానో చెప్పుకోవచ్చు, కానీ ఏ ఒక్కటీ దీనికి బదులు కాదు. ఆమె చేతులు తప్పు చేశాయని ఆమె నమ్మి పోయి ఉంటే, ఆ నమ్మకపు ముడి మాత్రం నేను వేసిందే. వాగు ఒడ్డున చెప్పాల్సిన మాట, ఇప్పుడు వినే మనిషి లేకపోయినా, ఒక్కసారన్నా ఆమె ముందు అనాల్సినట్టే అనాలి. ఇది రాస్తుంటే చెయ్యి కాస్త తేలికైంది, అంతకు మించి ఏమీ కాలేదు.

అవ్వా, నీ ముడి గట్టిగనే ఉండె. ఇప్పింది నేను.