గంపమ్మ గుట్ట దగ్గర దించిన మూట

నిన్న మా వీధి రోడ్డుకు కంకర తోలారు. ఎర్రచారల రాళ్లు. "యాడివప్పా ఇవి?" అని లారీ అతన్ని అడిగితే, "గంపమ్మ గుట్టవే అవ్వా. సగం అయిపాయ" అన్నాడు. ఒక రాయి చేతిలోకి తీసుకుని అరుగు మీద కూర్చున్నాను.

ధర్మవరం నుంచి పెనుకొండ పోయే దారి పక్కన ఉండేది ఆ గుట్ట. పెద్దదేం కాదు, మేకలు ఒక్క పరుగున ఎక్కేవి. పూర్వం ఒకామె మట్టిగంప మోసుకొచ్చి అక్కడ దించిందట. మళ్లీ తలకెత్తే తోడు ఎంతకూ రాలేదట. ఆ మట్టే గుట్టయిందట, ఆమె గంపమ్మయిందట. అందుకని తలబరువుతో వచ్చిన ఆడది అక్కడ దించాల్సిందే. తిరిగి ఎత్తడానికి ఇంకొకరి చెయ్యి పడాలి. తనంతట తానే ఎత్తుకుంటే ఇంట్లో మగమనిషికి కీడు.

మడకశిర పక్క నుంచి కోడలిగా వచ్చిన నాకేం తెలుసు? ఒకరోజు అలుపు తీర్చుకోను అక్కడ దించి, ఒక మోకాలు నేలకానించి, ఎరువుగంప నేనే తలకెత్తుకుని చక్కా వచ్చాను. చీర మోకాలి దగ్గర ఆ గుట్ట ఎర్రమన్ను చూసి మా అత్త కనిపెట్టింది. నాలుగు రోజులకు మా ఆయనకు జ్వరం. అంతే, అత్త నాతో మాట మానేసింది. నన్ను తిట్టాలంటే పొయ్యిని తిట్టేది. పొయ్యి పాపం ఏమంటుంది?

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు, గింజలు కరువు. జ్వరం ఇంకా విడవని ఆయన కడుపులో రెండు రోజులుగా ఏమీ పడలేదు. అత్తా నేనూ ఆమె పుట్టింటికి పోయి చెరొక రాగిపిండి మూట తెచ్చుకుంటున్నాం. గుట్ట దగ్గర దించాం. మిట్టమధ్యాహ్నం, దారిలో నరపురుగు లేదు. ఉన్నది ఇద్దరం. ఒకరికి ఎత్తితే రెండోవాళ్లు ఉండిపోవాలి.

నెల తర్వాత అత్త నా మొహం చూసి మాట్లాడింది. "నీవి వయసు కాళ్లు. బిన్నా పోయి వానికి అంబలి తాపు."

"నీకెవురెత్తుతారత్తా?"

"గంపమ్మ ఉండాది కదా. పోవే, మాట్లాడాకు."

ఎత్తింది. పరుగెత్తాను. ఆయన అంబలి ఒక గిన్నె తాగి రెండోది అడుగుతుండగానే అత్త గుమ్మంలో నిలబడి ఉంది. తలమీద మూట. చీర మోకాలి దగ్గర ఎర్రమన్ను.

"ఎవురెత్తినారత్తా?"

"గంపమ్మే ఎత్తింది. నోర్మూసుకోని కాళ్లకు నీళ్లియ్యి."

ఇచ్చాను. ఊళ్లో ఎవరి కంటా పడకముందే ఆ చీర ఉతికేశాను. ఆయన లేచి తిరిగాడు. అత్త మళ్లీ ఎప్పుడూ ఆ జ్వరం మాట ఎత్తలేదు, నేనూ ఆ మన్ను మాట ఎత్తలేదు.

అత్త పోయింది. ఎన్నో ఏళ్లకు ఆయనా పోయాడు. ఇప్పుడు గుట్ట మా గుమ్మం ముందు కుప్పగా పడి ఉంది, రేపు రోలరు తొక్కుతుంది. బరువులన్నీ దిగిపోయాక తెలిసింది, మనం దించిన చోటును కూడా కాలం మోసుకుపోతుందని.