ఆయన పుస్తకంలో మా గొర్రె

కాదు, ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా ఊరివాడు కూడా కాదు. అయినా పోయిన సోమవారం బస్సు దిగిన మనిషి ఒకాయన, వాకాడు పశువుల డాక్టరుగారు పోయినారని చెప్పగానే మా అమ్మ ఎసరు పొయ్యి మీదే వదిలేసి బయటికొచ్చి కూర్చుంది. కుండ మాడిన వాసన వచ్చినా లేవలేదు.

నేను మూడో తరగతితో బడి మానేసి గొర్రెలు మేపుకుంటున్నవాణ్ణి. నలుగురిలో నోరు విప్పలేను. అందుకే ఇలా రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట మాకు ఏడు గొర్రెలుండేవి. నాన్న పోయాక వాటితోనే బతుకు. పైరుకు పురుగుల మందు కొట్టడం అప్పుడప్పుడే మా వైపు మొదలైంది. మందు కొట్టిన మడి గట్టున మేసి ఒక గొర్రె నురగ కక్కి చచ్చిపోయింది. డాక్టరుగారు వచ్చి మిగిలిన ఆరింటి నెత్తురు తీశారు. నెత్తుట్లో ఎంజైమని ఒకటుంటుందట, పురుగుల మందు దాన్ని పనిచెయ్యనివ్వదట. నెత్తురు తేరుకున్నాక పైన నిలిచిన నీళ్లను గాజుగొట్టాల్లో నీలంరంగు మందుతో కలిపి, గడియారం చూస్తూ కూర్చున్నారు. ఎంజైము బాగుంటే నీలం పసుపుకు తిరగాలి. ఆరు గొట్టాలూ నీలంగానే ఉండిపోయాయి.

"అన్నిట్లో విషం ఉండాదమ్మా. కోసి అమ్మితే తిన్నోళ్లకు ప్రమాదం. చంపి పూడ్చాల్సిందే."

"గంతులేస్తా ఉండాయి కదయ్యా!" అని అమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది.

సరుగుడు తోపు అవతల ఇసకలో ఆరింటినీ పూడ్చాం.

నెల తిరక్కుండా ఆయనే మళ్లీ వచ్చారు. సైకిలు కంచెకు ఆనించి, వాకిట్లోనే నిలబడ్డారు.

"తప్పు నాదమ్మా. మీ గొర్రెలకు విషం లేదు. ముందు నేను గుర్రాల దగ్గర పనిచేసినాను. గుర్రానికి ఆ ఎంజైము పైనీళ్లలో బాగా ఉంటది. గొర్రెకు అంతా అడుగున దిగే ఎర్రటిదాంట్లోనే ఉంటదంట. నిన్న మందు వాసనే తెలీని గొర్రె నెత్తురు తీసి చూసినాను. అదీ నీలంగానే నిలిచింది."

ఆయన చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

అమ్మ, "నా గొర్రెల్ని గుర్రాలతో కొలిచినావా అయ్యా?" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మరుసటి వారం ఆయన ఒక ఆడ గొర్రెపిల్లను తెచ్చి మా గుంజకు కట్టేసి వెళ్లారు. ఆ తర్వాత ఆయన పనే మారిపోయింది. ఊరూరా సైకిలు మీద తిరిగి జబ్బులేని ఆవుకి, బర్రెకి, మేకకి, పందికి, గాడిదకి నెత్తురు తీసేవారు. మెడ దగ్గర వెంట్రుకలు చిన్న కత్తెరతో కత్తిరించి, నిమిరి, "ఒక్క చెంచాడు, అంతే" అని ఆ జీవాన్నే అడిగినట్టు అనేవారు. గొట్టాలను చేపల ఐసులో ఊక కప్పి డబ్బాలో పెట్టేవారు. ఆ వాసనకి సైకిలు వెనక పిల్లులు పడేవి.

"జబ్బులేని దానికి సూదేంది సారూ?" అని జనం నవ్వేవారు.

"బాగున్నప్పుడు ఎంతో తెలిస్తే కదా, బాగలేనప్పుడు ఎంత తగ్గిందో తెలిసేది. ఏ జాతి లెక్క ఆ జాతిదే."

"మా గాడిదకు నాకంటే తెలివి ఎక్కువని తేలితే మాత్రం మా ఆడోళ్లకు చెప్పబాకండి సారూ," అన్నాడు చాకలాయన ఒకసారి. డాక్టరుగారు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

మా ఇంటి ముందు మాత్రం ఏటా సైకిలు దిగి అడిగేవారు. "అమ్మా, మీ గొర్రెది ఒక్క చెంచాడు..."

"మా ఇంట్లో గుర్రాల్లేవయ్యా," అనేది అమ్మ.

ఆయన తలూపి వెళ్లిపోయేవారు.

పోయినేడు కాలవ దగ్గర ఎదురుపడ్డారు. ఆయన కట్టేసి వెళ్లిన ఆ గొర్రె నా పక్కనే ఉంది. దాని తాడు ఆయన ముందుకు చాపి, "తీసుకోండి సార్," అన్నాను.

"అమ్మ ఒప్పుకునిందా?"

తల అడ్డంగా ఊపాను.

"అయితే వద్దులే నాయనా. మీ అమ్మను కాదని ఒకసారి చేసినాను, చాలు."

ఆయన పోయిన కబురు వచ్చిన మర్నాడు అమ్మ ఆ గొర్రెను తోలుకుని వాకాడు నడిచింది. వెనకే నేను. ఆసుపత్రిలో కాంపౌండరు ఒక్కడే ఉన్నాడు. అమ్మ అడిగితే డాక్టరుగారి నోటుపుస్తకం తీసి చూపించాడు. మా ఊరి పేజీలో అందరి ఇళ్లూ, అందరి జీవాలూ ఉన్నాయి. మా ఇంటికెదురుగా గడి ఖాళీ. అందులో పెన్సిలుతో సన్నగా ఒక మాట. కూడబలుక్కుని చదివాను: "ఆమె ఒప్పుకుంటే."

"కొత్త డాక్టరు ఎప్పుడొస్తాడో తెలీదమ్మా," అన్నాడు కాంపౌండరు.

అమ్మ గొర్రె తాడు పట్టుకుని అలాగే నిలబడింది. అప్పుడు చూశాను, గొర్రె మెడ దగ్గర అరచేతి వెడల్పున వెంట్రుకలు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. పొద్దున్నే ఎప్పుడు చేసిందో అమ్మ, నాకు తెలియదు.

అడిగిన మనిషి పోయాక, ఆ చెంచాడు నెత్తురు మేము ఎవరికియ్యాలి, చెప్పండి?