పర్వం కాని రోజు సముద్రం

నాకు అక్షరాలు వచ్చింది ఈమధ్యనే. బడికి పంపే వయసుకి నా వెనక ఇద్దరు చంటిపిల్లలున్నారు. అమ్మ నాట్లకు వెళితే వాళ్లను చంకనేసుకుని ఇల్లు చూసేదాన్ని. పెళ్లయ్యాక పాడీ పంటా సరిపోయింది. కొడుకు ఉద్యోగంతో ఇబ్రహీంపట్నం వచ్చాక, మా వీధిలో రిటైరైన పంతులమ్మగారు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి నేర్పితే, అరవై దాటి రాయడం వచ్చింది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ నోటితో చెప్పుకోవడమే గానీ కాగితం మీద పెట్టలేదు.

ఆ ఏడు క్రిస్మస్ సెలవులకు కోడలు వైజాగ్ అంది. పిల్లలు గోవా అన్నారు. నేను మంగినపూడి అన్నాను. మా ఇంట్లో ప్రయాణానికి నేనొక ఊరి పేరు చెప్పడం అదే మొదలు.

"మంగినపూడా! అక్కడేముందమ్మా, నల్లబురద తప్ప?" అన్నాడు మావాడు.

"లోతుండదురా. కెరటం కూడా నెమ్మది. మీ పెద్దమ్మ కూర్చోవచ్చు."

పెద్దమ్మంటే నా పెద్ద తోడికోడలు. కాపురానికి వచ్చిన రోజు నుంచి ఇద్దరిదీ ఒకటే పొయ్యి. బావగారు పోయాక మా దగ్గరే ఉంటోంది. ఒకప్పుడు ఏటా కార్తీక పౌర్ణమికి సముద్రస్నానానికి బందరు పక్కనున్న ఆ మంగినపూడికే వెళ్లేవాళ్లం. జనం తోపులాటలో మూడు మునకలు వేసేలోపు ఎవరో చెయ్యి పట్టి బయటికి లాగేసేవారు. తిరుగు బస్సులో అక్కయ్యది ఎప్పుడూ ఒకటే మాట: "కాసేపు కూర్చోనిస్తే వాళ్ల సొమ్మేం పోయిందే!" తరవాత మోకాళ్లు అరిగి ఆ మునకలూ మానేసింది. ఆమెను ఒక్కసారి ఆ నీళ్లలో స్థిమితంగా కూర్చోబెట్టాలని నా కోరిక.

తీరా వెళ్లాక అక్కయ్య చెప్పులు కూడా విప్పలేదు.

"ఇయ్యాళ పౌర్ణమా, అమాసా? పర్వం కాని రోజు సముద్రాన్ని ముట్టుకోకూడదని తెలీదటే నీకు?"

"తెలుసక్కయ్యా."

"తెలిసే తీసుకొచ్చావూ!"

మావాడు నవ్వాడు. "వైజాగయితే రోడ్డు మీద కూర్చునైనా చూసేది కదమ్మా!"

కోడలు, పిల్లలు నీళ్లలోకి దిగారు. నేను దిగలేదు. అందరూ నా మాట మీద వచ్చారు. అక్కయ్య ఒడ్డునే ఉండిపోతే ఇక నా మాట ఇంట్లో చెల్లదు, ఆమె కోరికా తీరదు. వాదించి ఆమెను గెలిచినవాళ్లు మా వంశంలోనే లేరు.

మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నామె దగ్గరికి వెళ్లి, నీళ్లు ఎక్కుతున్నాయా తీస్తున్నాయా అని అడిగాను.

"పోటేనండీ మామ్మగారూ. ఆ గవ్వల గీత దాకా వచ్చేద్ది," అంది.

ఆమెనే ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకున్నాను. గవ్వల గీతకూ నీళ్లకూ మధ్య, ఆరిన ఇసుక చూసి వేశాను.

"ఇక్కడ కూర్చో అక్కయ్యా. నీళ్లు దూరంగానే ఉన్నాయిగా."

కూర్చుంది. పులిహోర పెట్టాను. తింటూ మా అత్తగారి పిసినారితనం మొదలుపెట్టింది. ఆ కథ నాకు కంఠతా వచ్చినా ఊఁ కొడుతూ, కంటితో నీళ్లనే చూస్తున్నాను. ఒక నురుగు జానెడు దూరానికి వచ్చి వెనక్కిపోయింది. ఆ తర్వాతది కుర్చీ కిందుగా పారి ఆమె మడమలు తడిపింది.

"అమ్మో!" అంది. మళ్లీ ఇంకో కెరటం వచ్చి చీర అంచు పట్టుకుంది. అక్కయ్య అటూ ఇటూ చూసింది.

"నేను ముట్టుకోలేదుగా?"

"లేదక్కయ్యా."

"అదే వచ్చింది."

"అదే వచ్చింది."

"గుమ్మంలోకొచ్చిన చుట్టాన్ని పొమ్మంటామా? ఆ చెప్పులు తియ్యవే, తడిసిపోతున్నాయి!"

కాసేపటికి నా భుజం పట్టుకుని కుర్చీ దిగి, నీళ్లలోనే చతికిలబడింది. మావాడు పరిగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, చీరంతా తడుస్తోంది!"

"తడవనీరా. ఫోటో తియ్యి!"

వాడు ఫోటో తీసి నా వైపు తిరిగాడు. "నీళ్లొచ్చే చోట కుర్చీ ఎవరేశారమ్మా?"

"నేనే," అన్నాను, గట్టిగా, అందరికీ వినబడేలా.

పొద్దువాలేదాకా అక్కయ్య లేవలేదు. ఆమెను చెయ్యి పట్టి లాగినవాళ్లు ఎవరూ లేరు.

ఆ రాత్రికి బందరులో లాడ్జిలో పడుకున్నాం. పొద్దున్నే ఇంటికి బయల్దేరాలని మావాడి లెక్క. మర్నాడు అందరికన్నా ముందు లేచి, ముఖం కడుక్కుని, కిందికి దిగి, "ఇవాళ కూడా గదులు మాకే ఉంచండి," అని మేనేజరుగారితో చెప్పాను. మావాడు లేచాక వాడికీ చెప్పాను.