మాస్టారి కారులో హోరు

డ్రైవింగ్ మాస్టారి దృష్టిలో లోకానికి గాయకుడు ఒక్కడే. మిగతావాళ్లంతా గొంతునొప్పితో బాధపడుతున్నవాళ్లు. ఆ ఒక్కడూ జుట్టు విరబోసుకుని, గిటారును పాతపగ ఉన్నట్టు బాదుతూ, ఇదే ఆఖరి శ్వాస అన్నట్టు అరిచే రాక్ గాయకుడు. ఆ ఇంట్లో ‘ఆయన’ అంటే ఆయనే. మాస్టారి భార్య మాత్రం ‘మా సవతి’ అనేది.

కూతురు నడకకన్నా ముందు తల ఊపడం నేర్చింది. తండ్రీకూతుళ్లు కలిసి అందుకుంటే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేవారు. ఇంట్లో అంతవరకే ప్రమాదం. కారులో అలా కాదు. ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా మాస్టారు ముందుగా ‘ఆయన్ని’ పెట్టి, శబ్దం ఆఖరుదాకా తిప్పేవారు.

“క్లచ్ ఎప్పుడు వదలాలి మాస్టారూ?”

“డ్రమ్ములు మొదలవగానే.”

“రెండో గేరు?”

“ఆయన ఏడుపు అందుకోగానే.”

“మొదట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు కదండీ!”

“అది ఏడుపు కాదమ్మా. ఆలాపన.”

చెవులు నొప్పెడుతున్నాయంటూ శిష్యులు ఒక్కొక్కరే జారుకోసాగారు. డ్రైవింగ్ స్కూలు ఆఫీసు చూసుకుంటున్న కూతురికి గుబులు పట్టుకుంది.

“నాన్నా, ఆయనంటే నాకు మాత్రం ప్రాణం కాదా? కానీ నేర్చుకునేవాళ్లకి నీ మాట వినపడొద్దూ?”

“వినపడాల్సింది వినపడుతూనే ఉంది.”

ఇక వాదించి లాభం లేదని, రిపేరు వంకతో పాటలపెట్టెను మెకానిక్‌చేత ఊడదీయించింది. మాస్టారు పన్ను ఊడిన చోటును నాలుకతో తడిమినట్టు, ఆ బొక్కను మాటిమాటికీ తడుముకున్నారు.

ఆ రోజు శిష్యురాలు బేకరీ ఆవిడ. భర్త కాలు విరిగి బ్రెడ్డు వ్యాను ఇంటిముందే పడి ఉంది. మర్నాడే పరీక్ష. లైసెన్సు వస్తే వ్యాను కదులుతుంది, రాకపోతే బేకరీ మూత. ప్రశాంతతను ఆస్వాదిద్దామని కూతురు వెనకసీట్లో కూర్చుంది.

కూడలిలో పచ్చలైటు పడింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక హారన్లు భగ్గుమన్నాయి. ఎవడో తల బయటపెట్టి అరిచాడు.

“ఏమ్మోయ్! స్టీరింగు నీకెందుకు? ఇంటికెళ్లి పిండి పిసుక్కో!”

పిండి పిసకడమే వృత్తి కావడంవల్ల ఆ మాట ఆవిడకు సూటిగా తగిలింది.

“నావల్ల కాదు మాస్టారూ. దిగిపోతా,” అంటూ తలుపుమీద చెయ్యేసింది.

వెనకసీట్లో కూతురు నోరు తెరిచింది. తను కూడా ‘ఆయన’ పాట హోరులో, ఈ కూడలిలోనే నేర్చుకుంది. కారు ఎన్నిసార్లు ఆగినా ఒక్కడూ తిట్టలేదని, ఈ ఊరివాళ్లది భూదేవంత ఓర్పని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంటోంది.

“నాన్నా... అప్పుడు నన్ను కూడా ఇలాగే...?”

“నిన్నా? ఇంతకన్నా ఘోరంగా,” అన్నారు మాస్టారు ప్రశాంతంగా. “తాతముత్తాతల దాకా వెళ్లారు.”

తర్వాత అద్దాలు పైకెత్తి, కళ్లు మూసుకుని, తనే అందుకున్నారు. ఆ గొంతు ముందు హారన్లు సన్నాయిలే. కూతురు కూడా ముందుసీటు వెనక దరువేస్తూ అంతకన్నా పెద్దగా అరిచింది. బేకరీ ఆవిడ ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, పకపకా నవ్వి, తాళం తిప్పింది. డ్రమ్ములు పడ్డ చోట క్లచ్ వదిలింది. కారు వెన్నలా కదిలింది.

మాస్టారు ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

“ఆపకండి మాస్టారూ!” ఆవిడ కేక పెట్టింది. “ఇంకా రెండో గేరులోనే ఉన్నా!”